గల్లీకి ఒక్క ఇన్‌హేలర్ చాలు

ఆస్తమా ఉన్న ప్రతి మనిషికీ ఒక్కో ఇన్‌హేలర్ ఎందుకండీ? దుబారా కాకపోతే! గల్లీకి నిచ్చెన ఒకటే ఉంటుంది. పెళ్లివంటల పెద్ద గంజు ఒకటే ఉంటుంది. ఊపిరికి మాత్రం ఎవరి డబ్బా వారిదేనట! మనుషులు కలిసిమెలిసి ఉండటం డాక్టర్లకు కిట్టదని దీన్నిబట్టే తెలియడం లేదూ?

ఈ సత్యాన్ని ఫలక్‌నుమా స్టేషన్ వెనక గల్లీవాళ్లు ఏనాడో కనిపెట్టారు. ఆ పుణ్యమంతా బుచ్చమ్మది. ఐదు బర్రెలు, ఒక కోడలు, పాతికేళ్ల ఉబ్బసం ఆమె ఆస్తి. ఎండుగడ్డి దులిపితే చాలు, ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. అప్పుడు కొంగున ముడేసుకున్న నీలిరంగు పంపు తీసి నోట్లో కొట్టుకుంటుంది. ఊపిరి దారిన పడగానే మళ్లీ గడ్డి దులుపుతుంది.

పాలమ్మే ఇంట్లో తోడు పెరుగు అడిగితే లేదనకూడదని ఆమెకు అత్తగారు నేర్పింది. పొద్దున్నే గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్లను బుచ్చమ్మ ఒక్కనాడూ ఉత్త చేతులతో పంపలేదు. అంత పెద్ద చెయ్యి ఉన్న మనిషి, ఆయాసంతో వచ్చినవాడికి చిటికెడు గాలి ఇవ్వనంటుందా?

మొదట వచ్చినవాడు రామ్‌చందర్. పత్తర్‌గట్టిలో బట్టల దుకాణంలో పని. చీరల మూటలు మోస్తూ మెట్లెక్కితే దమ్ము ఆడటం లేదన్నాడు. బుచ్చమ్మ జాలిపడి కొంగుముడి విప్పింది. అతను పంపును నోటికి జానెడు దూరంలో పట్టుకుని, కళ్లు మూసుకుని నొక్కాడు. మందులో సగం మీసాలకే సరిపోయింది. అయినా హాయిగా ఉందన్నాడు.

తర్వాత ప్రేమ్‌రాజ్. ఇత్తడి సామాన్లకు పాలిష్ పట్టే కార్ఖానా అతనిది. పొద్దున్నే రెండు కొట్టుకుంటే రోజంతా దుమ్ము దరిచేరదని అతని సిద్ధాంతం. కానిస్టేబుల్ పరీక్షకు పరుగు ప్రాక్టీస్ చేస్తున్న స్వీటీకి గ్రౌండుకు పోయేముందు ఒకటి కావాలి. ఇక జలుబు చేసినవాళ్లు, పూరీలు ఎక్కువ తిన్నవాళ్లు, ఇంట్లో లొల్లి పెట్టుకుని గుండె బరువెక్కినవాళ్లు! ఒక్క పంపుకు ఇన్ని మూతులు! సమైక్యత గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఒక్కసారి వచ్చి చూసి పోవాలి.

కోడలు అమల ఒక్కతే కలుపుగోలుతనం లేని మనిషి. డిగ్రీ చదివింది కదా! ఎవరి మందు వారే వాడుకోవాలట. ముందు డాక్టరుకు చూపించుకోవాలట. పంపును బాగా ఊపాలట, ఊపిరంతా బయటికి వదలాలట, పెదవులు బిగించి, నెమ్మదిగా పీలుస్తూ నొక్కి, పది లెక్కపెట్టేదాకా బిగబట్టాలట. ఇంత తతంగం ఎవరికి గుర్తుంటుంది?

"గింత దానికి లేదంటే ఏం బాగుంటది? తోడు ఇచ్చినా మన గిన్నెల మల్ల పెరుగైతలేదా?" అంది బుచ్చమ్మ.

గిన్నెలో పెరుగు మళ్లీ పెరుగవుతుంది, నిజమే. పంపు సంగతి ఎవరూ అడగలేదు. నొక్కితే బుస్సుమంటోంది కాబట్టి మందు ఉన్నట్టేనని గల్లీ తీర్మానించింది. పంపు వెనక చిన్న కిటికీలో ఎన్ని మిగిలాయో అంకె కనిపిస్తుందట. కంపెనీవాళ్ల అంకెలతో మనకేం పని?

మొన్న మంగళవారం పొద్దున గడ్డిబండి వచ్చింది. మోపులు దింపుతుంటే బుచ్చమ్మకు ఎగశ్వాస పట్టుకుంది. పంపు తీసి నొక్కింది. బుస్సుమంది. మళ్లీ నొక్కింది, మళ్లీ బుస్సుమంది. ఛాతీ మాత్రం బిగిసింది బిగిసినట్టే ఉంది. అమల పాలు పోయడానికి వెళ్లింది. బుచ్చమ్మ గోడ పట్టుకుని గల్లీలోకి వచ్చి నాలుగు తలుపులు తట్టింది. అరవై ఏళ్లలో ఆమె చెయ్యి చాచి అడగడం అదే మొదటిసారి. కానీ ఎవరి దగ్గర ఉంటుంది? అందరిదీ ఆమె కొంగులోనే ఉందాయె! ఇక బతకనేమోనని ఆమెకు నిజంగా భయం వేసింది.

గల్లీ అంతా పరుగెత్తుకొచ్చింది. వచ్చే కాస్త గాలికి అడ్డంగా నిలబడి, పడుకోబెట్టమని ఒకరు, నిమ్మరసం పట్టమని ఒకరు, కర్పూరం వాసన చూపించమని ఒకరు! ఇంత సేవాభావం ఇంకెక్కడ దొరుకుతుంది? ఈలోగా అమల వచ్చి, అందర్నీ తోసేసి, అత్తను నిటారుగా కూర్చోబెట్టి, ఆటోలో ఆస్పత్రికి పట్టుకుపోయింది.

అక్కడ మాస్కు పెట్టి మందు పట్టాక గానీ ఊపిరి కుదుటపడలేదు. డాక్టరమ్మ పంపు తిప్పి చూసింది. "ఇందులో మందు అయిపోయిందమ్మా, వచ్చేది వట్టి గ్యాసే. రెండొందల పఫ్‌లు నెలలోనే ఎట్ల అయిపోయినయి?" అని అడిగింది. బుచ్చమ్మ గల్లీ పరువు తీయలేక, పంపు అందుకుని మళ్లీ కొంగున ముడేసుకుంది.

ఇంటికొచ్చిన మర్నాడు ప్రేమ్‌రాజ్ పలకరించడానికి వచ్చి, పోతూ పోతూ అలవాటుగా చెయ్యి చాపాడు. కొత్త పంపు దారానికి కట్టి ఆమె మెడలో ఉంది.

"లేదు బిడ్డా," అంది బుచ్చమ్మ. "దవాఖానకు పోయి చూపించుకో. ఇది నాది."

చూశారా, ఎంత పతనమో! పాతబస్తీ అన్యోన్యత ఆ ఒక్క మాటతో మంటగలిసింది. పాపం రామ్‌చందర్ సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. అతనికి ఉన్నది ఆస్తమా కాదట, గుండె పరీక్షలు రాశారట. హాయిగా మీసాలకు మందు కొట్టుకునే మనిషికి లేనిపోని జబ్బు అంటగట్టారు!

ఈ కాలమ్ రాస్తున్నవాడికీ నష్టమే జరిగింది. అతనూ ఆ గల్లీవాడే. రెండేళ్లుగా ఆ పంపు నోట పెట్టుకున్నవాడే, ఆ మంగళవారానికి ముందటి ఆదివారం కూడా. బుచ్చమ్మ తట్టిన తలుపుల్లో మొదటిది అతనిదే. మాట పెగలక, ఆమె ఖాళీ పంపు చూపించి రెండో చెయ్యి చాపింది. ఇవ్వడానికి ఇంట్లో ఏమీ లేక, అతను గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి ఆ చేతిలో పెట్టాడు.

గ్లాసు ఆమె చేతిలో నిలవలేదు.