గోడ మీద గాజుపలక

“మూడు వందల ఏళ్ళ ఈ చర్చిలో ఒక్క మేకు కదిపినా నేరమే!” అని ప్రకటించి పాత కట్టడాల శాఖ అధికారి రుమాలుతో మెడ తుడుచుకున్నారు. కిందటేడు దాకా చర్చి వయసు నూటయాభై. చర్చి సంఘానికి కొత్త అధ్యక్షుడు వచ్చాక రెట్టింపైంది.

మేకు సంగతి సరే, అక్కడ గోడే కదులుతోంది. ఆ సంగతి పట్టించుకున్నది చర్చి మరమ్మతులు చూసే మేస్త్రి ఒక్కడే. ద్వారం దగ్గరి కమాను మీద గాయకబృందం నిలబడే చెక్కమేడ ఉంది. దాన్ని మోసే గోడలో వేలు దూరేంత పగులు. మేస్త్రి కూతురు ప్రతి ఆదివారం ఆ మేడ మీదే పాడుతుంది. కూతురు పాడినంతసేపూ అతని చూపు పగులు మీదే ఉంటుంది.

అందుకే నెల కిందట పగులుకు అడ్డంగా సన్నటి గాజుపలక సిమెంటుతో అంటించాడు. గోడ జరిగితే గాజు విరుగుతుంది. మేస్త్రీలు గోడ నాడి చూసే పద్ధతి అది.

అధికారి దాని ముందు ఆగి కళ్ళజోడు సవరించుకున్నారు. “అద్భుతం. ఆ కాలపు గాజు పొదుగుడు పని.”

“అది నేను పెట్టిందండీ. మా ఇంటి కిటికీ అద్దం ముక్క,” అన్నాడు మేస్త్రి.

“నువ్వూరుకోవయ్యా, సార్ చదువుకున్నవారు,” అని అధ్యక్షుడు కసిరాడు. ఆయనకు గేటు దగ్గర చారిత్రక కట్టడమన్న బోర్డూ, దాని కింద తన పేరూ కావాలి.

“మరి ఈ పగులు సార్?”

“పగులు కాదయ్యా, గాలి ఆడటానికి వదిలిన సందు. పూర్వీకుల ముందుచూపు,” అన్నారు అధికారి.

“మేడ కింద రెండు దుంగలు నిలబెట్టనివ్వండి. మా అమ్మాయి పైన పాడుతుంది.”

“దుంగలు పెడితే కమాను అందం ఏమవుతుంది? దరఖాస్తు పెట్టుకో, ఏడాదిలో చూస్తాం,” అని అధికారి నివేదికలో ‘కట్టడం పటిష్ఠం’ అని రాసి సంతకం చేశారు.

బోర్డు ఆవిష్కరణ ఆదివారం పూజ తర్వాత. ఆ ఉదయం మేస్త్రి వచ్చి చూస్తే గాజుపలక రెండు ముక్కలై ఉంది. ఆవిష్కరణకు వచ్చిన అధికారి మండిపడ్డారు.

“ప్రాచీన కళాఖండాన్ని పగలగొట్టిందెవరు? కేసు పెట్టిస్తాను.”

“గోడే పగలగొట్టింది సార్. అంటే గోడ జరిగింది. ఈ పూట పడొచ్చు, పడకపోవచ్చు.”

మాట పూర్తయ్యేసరికి అధికారి గేటు దగ్గరున్నారు. అధ్యక్షుడు ఆయనకంటే రెండడుగులు ముందున్నాడు.

“పూజ లోపల కానివ్వండి. సార్‌కి ఆరుబయటే ఇష్టం, మేమిక్కడే ఉంటాం,” అన్నాడు అధ్యక్షుడు.

వెనకే వచ్చిన మేస్త్రి అధికారి వైపు తిరిగాడు. “పటిష్ఠమని మీరే రాశారు కదండీ?”

“రాశాను. నేను లోపల కూర్చుంటానని ఎక్కడా రాయలేదు.”

మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. గబగబా లోపలికెళ్ళి, మేడ మెట్లెక్కి కూతురి చెయ్యి పట్టుకున్నాడు. “దిగమ్మా, అందరినీ దించు.” ఫాదర్ ఒకసారి గోడ వైపూ, ఒకసారి గేటు వైపూ చూసి, పూజ సామగ్రి తీసుకుని బయటికి నడిచారు. వెనకాలే జనమంతా కదిలారు.

అధ్యక్షుడు కంగారుగా ఎదురొచ్చాడు. “అందరూ బయటికొచ్చేస్తే లోపల ఎవరుంటారయ్యా?”

“పటిష్ఠమని నమ్మినవాళ్ళు వెళ్ళొచ్చండీ. తలుపులు తీసే ఉన్నాయి,” అన్నాడు మేస్త్రి.

ఎవరూ వెళ్ళలేదు.