నానమ్మ పేర ఒక చెంచా

బొలీవియాలోని కోచబాంబ నగరంలో యోవానా ఇంట భోజన సమయంలో ఫోను నిషేధించబడినదని ఆదివారం ఉదయం ప్రకటన వెలువడింది. ఈ చట్టం పరిధిలోకి వచ్చే పౌరుడు ఒక్కడే, ఆమె రెండేళ్ల కొడుకు అదేమర్. నిన్నటిదాకా ఫోనులో పందిపిల్లలు గంతులేస్తే తప్ప అతగాడు నోరు తెరిచేవాడు కాదు. నోట్లోకి పోయేది వేరుశనగ సూపో సున్నమో పట్టించుకునేవాడూ కాదు. బిడ్డ తన గిన్నె చూసుకుని తింటే కళ్లారా చూడాలని యోవానా కోరిక.

ఫోను స్థానంలో పెద్దల పద్ధతిని పునరుద్ధరించారు. మనిషికొక చెంచా. అమ్మ పేర ఒకటి మింగాడు. నాన్న విల్బర్ పేర ఒకటి మింగాడు. నానమ్మ నికొలాసా పేర చెంచా రాగానే పెదవులు బిగించి తల తిప్పుకున్నాడు. ఆ సూపు వండింది నికొలాసాయే.

"బాగానే నేర్పావమ్మా," అంది ఆవిడ కోడలితో.

"వాడికింకా చెప్పులు తొడుక్కోవడమే నేర్పలేదు అత్తయ్యా, రాజకీయాలెక్కడ నేర్పను?"

వ్యవహారం పరువుదాకా వచ్చింది కాబట్టి మరుసటి ఆదివారం బహిరంగ విచారణ ఏర్పాటైంది. బంధువులంతా ఎవరి చెంచాకు వారు స్వయంగా హాజరయ్యారు. మేనత్త గిలక్కాయ తెచ్చింది. బాప్తిస్మంనాడు పిల్లవాణ్ణి ఎత్తుకున్న జ్ఞానతండ్రి ఏకంగా బాజాబృందాన్నే వెంటబెట్టుకొచ్చాడు. వారి పెద్ద బాకా వంటింటి గుమ్మంలో ఇరుక్కుపోగా, దాన్ని అక్కడే ఉంచి ఊదించారు. పిల్లవాడు ధ్యాసగా తినాలంటే ఆమాత్రం ఏర్పాట్లు తప్పవని సభ ఏకగ్రీవంగా అభిప్రాయపడింది.

వార్డు నాయకుడు ఎలిసేయో గారు లేచారు. "సోదర సోదరీమణులారా, ఈ చిన్నినోరు తెరుచుకున్ననాడు మన వార్డు భవిష్యత్తు తెరుచుకుంటుంది. అందులో నా పేర కూడా ఒక చెంచా ఉండాలని సవినయంగా కోరుతున్నాను."

అదేమర్ ఆయన చెంచాను ఆయన చొక్కా మీదే ఉమ్మాడు. ప్రజాతీర్పును ఆయన చేతిరుమాలుతో స్వీకరించారు.

నికొలాసా చెంచా వంతు రాగానే ఫోన్లన్నీ పైకి లేచాయి. చెంచా లోపలికి వెళ్లింది. మింగాడా, కార్చాడా? వీడియో తిరగేశారు. ముందుకు, వెనక్కు, మెల్లగా. బాకా ఊదేవాడు కూడా ఊదడం మాని తన ఫోను తీశాడు.

"మింగాడు. గొంతు కదిలింది చూడు," అంది ఒకావిడ.

"అది బాకాకి ఉలిక్కిపడ్డంలే వదినా," అంది ఇంకొకావిడ.

అదేమర్ అటూ ఇటూ చూశాడు. అమ్మ తప్ప తనను చూసేవాళ్లు ఎవరూ లేరు. చెంచా తానే పట్టుకున్నాడు, గిన్నెలోకి తొంగి చూశాడు, బంగాళదుంప ముక్కను వేటాడి మరీ నోట్లో వేసుకున్నాడు. ఆ వెంటనే ఇంకోటి. యోవానా అత్తగారి భుజం తట్టింది.

"అత్తయ్యా, చూడండి. వాడంతట వాడే తింటున్నాడు."

"ఉండమ్మా, సరిగ్గా ఇక్కడే మింగుతాడు," అంది నికొలాసా ఫోనులోంచి కళ్లెత్తకుండా.

"విల్బర్, నువ్వన్నా చూడు."

"ఒక్క నిమిషం."

కడుపు నిండిన అదేమర్ మిగిలిన సూపు చెంచాతో తీసి, పక్కనే ఉన్న నానమ్మ నోటి దగ్గర పెట్టాడు. ఆవిడ కళ్లు ఫోనులోనే ఉన్నాయి. నోరు మాత్రం తెరుచుకుంది. మింగింది. తర్వాత మేనత్త మింగింది. ఎలిసేయో గారు మింగి, ఇంకోదానికి నోరు తెరిచే ఉంచారు.

ఈ కథను తింటూ చదువుతున్న పాఠకులకు ఒక మనవి: ఇప్పుడు మీ నోట్లో ఉన్నది ఏ కూరో, కంచం వైపు చూడకుండా చెప్పండి.