బెంజమిన్ బండిలో మిస్సింగ్

ఆ ఆదివారం పొద్దున మందమర్రి మీద పొగమంచూ, బొగ్గు పొయ్యిల పొగా కలిసిపోయి ఏది ఏదో తెలియకుండా ఉంది. బెంజమిన్‌కు అలాంటి పొద్దులంటే ప్రాణం. క్వార్టరు వెనక నిలిపిన తన పాత తెల్లకారులో కూర్చుని, స్టీరింగు మీద చేతులు వేసి, ఎక్కడికీ పోకుండానే చాలా దూరం వెళ్లి వస్తుంటాడు. వారమంతా భూమి కింద పనిచేసే మనిషికి అద్దంలోంచి ఆకాశం కనబడటం చిన్న సుఖమేమీ కాదు.

ఒకటే చిక్కు. ఎక్సిలేటర్ తొక్కితే కారు వణుకుతుంది. మొదట్లో అతను దాన్ని ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో పేల్చే బ్లాస్టింగ్ అనుకుని ఊరుకున్నాడు. ఆ ఊళ్లో బ్లాస్టింగ్‌కు గిన్నెలు కదిలితే ఎవరూ తల తిప్పి చూడరు. చివరికి కారులో హుస్నాబాద్ పోయొచ్చిన రోజు భార్య మార్తమ్మే అడిగింది.

"హుస్నాబాద్ దాంక మన ఎంబడి వచ్చి బ్లాస్టింగ్ చేస్తుండ్రా?"

ఆ రోజే ఆమె తీర్పు కూడా చెప్పేసింది. ఆదివారం ఆరాధన అయ్యాక కారులో చెన్నూరు గోదావరికి పోవాలి. వెంట ఆమె తమ్ముడు అబ్రహాం వస్తాడు. దారిలో కారు వణికిందంటే సాయంత్రానికల్లా అతనే దాన్ని అమ్మిపెడతాడు. కారు లేని బతుకును ఊహించుకోవడం, కలలు కనడంలో ఆరితేరిన బెంజమిన్‌కు కూడా చేతకాలేదు.

అందుకే ఆ పొద్దున మార్తమ్మ స్నానానికి వెళ్లగానే కారును మెకానిక్ సదానందం షెడ్డుకు చేర్చాడు. బోనెట్ ఎత్తకముందే సదానందం చెవి ఒగ్గి విని, ఇది మిస్సింగ్ అయి ఉంటుంది, చూసి ఫోన్ చేస్తానన్నాడు. ఇంజన్లో ఒక సిలిండరు మండక తడబడితే మెకానిక్కులు అనే మాట అది. బెంజమిన్ నడిచి ఇంటికొచ్చి, ఏమీ ఎరగనట్టు భార్యతో కలిసి చర్చికి వెళ్లాడు.

ప్రసంగం నడుస్తుండగా అతని కళ్లు మూతపడ్డాయి. కారు గోదావరి మీద, నీళ్లను తాకీ తాకకుండా మెత్తగా పోతోంది. వెనక సీట్లో అబ్రహాం నోరు మూసుకుని కూర్చున్నాడు. అంత మంచి కల అతనికి మునుపెన్నడూ రాలేదు. సరిగ్గా అప్పుడే అతని ఫోను మార్తమ్మ సంచిలో మోగింది. ఆమె బయటికి వెళ్లి ఎత్తింది.

"అక్కా, అన్న బండి మిస్సింగే ఉన్నదని చెప్పు. ఫికర్ వద్దు, నేను రోడ్డు మీదికి పోయి చూస్త," అని అవతలి గొంతు హడావిడిగా పెట్టేసింది.

మార్తమ్మకు తెలిసిన మిస్సింగ్ వేరు. అది పోలీస్ స్టేషన్ గోడ మీద ఫోటో కింద ఉండేది. దొంగను వెతకడానికి రోడ్డున పడ్డ ఆ దేవుని బిడ్డ ఎవరోగానీ, అతన్ని మనసులోనే దీవించింది. ప్రార్థన మనవులు చెప్పుకునే వేళ లేచి నిలబడి, మా కారు మిస్సింగ్, అందరూ ప్రార్థన చేయండని కళ్లొత్తుకుంది.

ఆ మాటకు బెంజమిన్ కల చెదిరింది. మూడు నెలలుగా ఇంజన్ను తిట్టిపోసిన మనిషి ఇప్పుడు దానికోసం ఏడుస్తోంది! సదానందం ఫోన్ చేసి ఉంటాడని గ్రహించి, అతని గుండె కరిగి నీరైంది. అదే వరుసలో ఉన్న అబ్రహాం అతని పక్కకు జరిగి గుసగుసగా అడిగాడు.

"ఎప్పటి సంది మిస్సింగ్, బావా?"

"మూడు నెలలైతుంది."

"మొన్న గూడ నువ్వు అండ్ల కూసున్నవు గద?"

"కూసుంటే తెల్వది అబ్రహాం. తొక్కితేనే తెలుస్తది."

దుఃఖంతో బావకు మతి చలించిందని అబ్రహాం నిశ్చయించుకున్నాడు. ప్రార్థన ముగిసేలోగా కారు ఫోటో కాలనీ వాట్సాప్ గ్రూపులన్నింటికీ పాకింది. చెన్నూరు రోడ్డులో కనబడిందని ఎవరో రాయగానే, అబ్రహాం సంఘం యువకులను వెంటబెట్టుకుని మోటార్‌సైకిళ్ల మీద బయలుదేరాడు.

సిలిండరును మండించే కాయిల్ చెడిపోయి ఉంటే మార్చి, ఆ రోడ్డులో కారును నడిపి చూస్తున్న సదానందం అద్దంలో ఒక గుంపును చూశాడు. అందరివీ తెల్లబట్టలు, అందరూ ఆపమని చేతులూపుతున్నారు. ఇంకా విడని మంచులో మొహాలు ఆనలేదు. అతను భయంతో ఎక్సిలేటర్ ఆఖరిదాకా తొక్కాడు. కారు వెన్నలా సాగిపోయింది. చెన్నూరు సంతలో ఎడ్లబండి అడ్డం వచ్చి ఆగితేగానీ వాళ్లకు చిక్కలేదు.

కాలర్ పట్టుకున్నాక ఆ మొహం సదానందానిదని అబ్రహాం గుర్తుపట్టాడు.

"నన్నెందుకు తరుముతుండ్రు? మిస్సింగ్ పోయింది," అన్నాడు సదానందం వగరుస్తూ.

సంగతి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. మధ్యాహ్నానికి అబ్రహాం కారుతో తిరిగొచ్చి, అక్క ముందు కుర్చీలో కూలబడ్డాడు. "అక్కా, గీ బండిని అమ్మకు. అంతమందిమి తరిమినా అందలే. నా నడుము వణికింది గని అది వణకలే."

సాయంత్రం బెంజమిన్, మార్తమ్మ ఇద్దరే గోదావరికి వెళ్లారు. దారంతా కారు నిద్రపోతున్నంత నెమ్మదిగా నడిచింది. నీళ్ల మీద ఎండ పలచబడుతోంది. అవతలి ఒడ్డు ఉందో లేదో అన్నట్టుంది. ఇన్నేళ్ల కాపురంలో భార్య మీద ఇంత ప్రేమ ఎన్నడూ పొంగలేదనిపించి, బండి పోయిందంటే అంత దుఃఖమొచ్చిందా అని బెంజమిన్ మెల్లగా అడిగాడు.

"రాదా మరి? బండి పోతే ఆదివారం దినమంత నువ్వు ఇంట్లనే ఉంటవు గద," అంది మార్తమ్మ.

బెంజమిన్ వెళ్లి కారులో కూర్చున్నాడు.