గంటన్నర తెల్లవారుజాము

ఆ ఉదయం లైట్లాయన వేసుకున్న పథకంలో మూడే పనులున్నాయి: తాబేలుకి సరిగ్గా తెల్లవారేలా చూడటం, నాటకంలో హత్య సమయానికి జరిగేలా చూడటం, ఈ రెంటికీ మధ్య మామగారి కంట పడకుండా గడప దాటడం.

పద్దెనిమిదేళ్లుగా అతను ఒక నాటకశాలలో దీపాలు నడుపుతున్నాడు. ఊరంతా లైట్లాయన అనే పిలుస్తుంది. కోపం వచ్చినప్పుడు భార్య కూడా అలాగే పిలుస్తుంది. జీవితమంతా గడియారాలు బాగుచేసిన మామగారి దృష్టిలో మాత్రం అది ఉద్యోగమే కాదు. "స్విచ్చి వేస్తే వెలుగుతుంది, తీస్తే ఆరిపోతుంది. దానికి జీతం దేనికమ్మాయ్?" అని పెళ్లికి ముందు కూతుర్ని అడిగారు. పన్నెండేళ్లయినా ఆ ప్రశ్నకు సరైన జవాబు రాలేదని ఆయన అభిప్రాయం. అందుకే అల్లుడితో నేరుగా మాట్లాడరు. ఏం చెప్పాలన్నా కూతురికే చెబుతారు, అల్లుడు ఎదురుగా కూర్చుని ఉన్నా సరే. కూతురు లేకపోతే గోడకి చెబుతారు.

రెండు వారాల క్రితం ఆయన తన తాబేలుతో సహా కూతురింటికి మారారు. ఇరవై ఆరేళ్ల తాబేలు. కొత్త ఇంటికి రాగానే అది తిండి మానేసింది. పశువుల డాక్టరు వచ్చి, తాబేలు ఉండే పెద్ద చెక్కపెట్టెలోకి తొంగి చూసి, పైనున్న బల్బు ఒకసారి వేసి తీశాడు. తాబేలు తల చటుక్కున లోపలికి పోయింది.

"చూశారా! మీరు రోజూ దీనికి ఒక్క క్షణంలో తెల్లవారుస్తున్నారు, ఒక్క క్షణంలో చీకటి చేస్తున్నారు. మనకలా చేస్తే మనం మాత్రం తింటామా? వెలుగు నెమ్మదిగా రావాలి, నెమ్మదిగా పోవాలి."

"అంటే స్విచ్చి వేసేవాడికి పని తెలిసుండాలంటారు," అన్నారు మామగారు, గోడకేసి చూస్తూ.

తన పనికి విలువ ఉందని నిరూపించుకోవాలనుకునే మనిషి ఎంత చిన్న వేదికైనా వదులుకోడు. లైట్లాయనకి దొరికింది నాలుగడుగుల చెక్కపెట్టె. నాటకశాల గోదాములో మూలపడిన ఒక పాత డిమ్మర్ ఇంటికి తెచ్చాడు. గోరంత కార్డులో ఏ క్షణానికి ఎంత వెలుగో రాసి పెడితే, ఆ డిమ్మర్ దాని ప్రకారం దీపాలు నడుపుతుంది. కార్డులో ఏం రాయాలో తెలుసుకోవడానికి వరసగా తొమ్మిది రోజులు చీకటితోనే లేచి, నోటుపుస్తకం పట్టుకుని మేడ మీద కూర్చున్నాడు. నలుపు బూడిదగా ఎప్పుడు మారుతుంది, బూడిద రాగి రంగుగా ఎప్పుడు మారుతుంది, ఎదురింటి నీళ్ల ట్యాంకు మీద రాతలు ఎన్నో నిమిషానికి చదవడానికి వీలవుతాయి, అన్నీ రాసుకున్నాడు. చివరికి గంటన్నర తెల్లవారుజాము ఒకటి తయారైంది. గది కాస్త వెచ్చబడ్డాక పదిన్నరకి మొదలుపెట్టమన్నాడు డాక్టరు.

తాబేలు రెండు రోజులు ఆ తెల్లవారడాన్ని ఆసాంతం చూసింది. ఒక్క ఆకు కూడా ముట్టలేదు.

"అమ్మాయ్, మీ ఆయన చేసిన సూర్యుడు దానికి నచ్చలేదట," అన్నారు మామగారు.

నాటకశాలలో పరిస్థితి ఇంకా ఘోరంగా ఉంది. అక్కడికి పెద్ద డిమ్మర్ కొత్తగా వచ్చింది. అదీ అలాంటి కార్డుతోనే నడుస్తుంది. దాన్ని చూసినప్పటినుంచి హాలు సెక్రటరీ ముఖంలో ఒక వెలుగు. "ఒక కార్డు, ఒక నొక్కుడు. ఇంక మనిషెందుకయ్యా?" అని లైట్లాయన్నే అడిగాడు. ఈ రోజు ఉదయం పదిన్నరకి కమిటీ కోసం ప్రత్యేక ప్రదర్శన. హత్యా రహస్యం మీద నాటకం. మొదటినుంచి చివరిదాకా కార్డే నడపాలి, లైట్లాయన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. అంతా సవ్యంగా జరిగితే వచ్చే నెల నుంచి లైట్లాయన ఉండడు. ఆ కార్డు రాసి ఇవ్వాల్సింది కూడా లైట్లాయనే.

రాశాడు. బాగా రాశాడు కూడా. చెడగొట్టి రాయడం అతనికి చేతకాదు. నిన్న సాయంత్రం దాన్ని చివరిసారి సరిచూసుకున్నది తాబేలు డిమ్మర్ మీదే, పెట్టె తీగలు విప్పి. తీగలు మళ్లీ బిగించాడు గానీ కార్డు అందులోనే ఉండిపోయింది. అందుకని తెల్లవారకముందే లేచి, డిమ్మర్లోంచి హత్య కార్డు తీసి, తాబేలు కార్డు పెట్టాలి.

రెంటి మీదా చిన్న కాగితం ముక్కలు అంటించి 'హత్య', 'తాబేలు' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. వాటిని చదవాలంటే దీపం వేస్తే చాలు. కానీ నాటకం నడిచేటప్పుడు తెర వెనక దీపం వెయ్యకూడదన్నది అతని వృత్తిలో మొదటి పాఠం. పద్దెనిమిదేళ్లలో అది వేళ్లలోకి ఇంకిపోయింది. పైగా తాబేలు నిద్రపోతోంది. చీకట్లోనే తడిమి ఒక కార్డు తీసి, రెండోదాని పక్కన అరచేతిలో పెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడు పక్కగదిలో మామగారు దగ్గారు. అతను ఉలిక్కిపడి, ఒకటి డిమ్మర్లోకి తోసి, రెండోది జేబులో వేసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని గడప దాటాడు.

పదిన్నరకి లైట్లాయన కొత్త డిమ్మర్ ముందు కూర్చున్నాడు. పక్కనే సెక్రటరీ. రెండో వరసలో కమిటీ అధ్యక్షురాలు, ఒక వృద్ధ లాయరమ్మ. ఆమె వెనక మామగారు. "పెట్టె మీట నేను నొక్కుతాను నాన్నా, మీరు ఒక్కసారైనా వెళ్లి చూడండి," అని కూతురు బలవంతం మీద పంపింది.

లైట్లాయన మీట నొక్కి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. తెర లేచింది. వేదిక మీద కటిక చీకటి.

"ఈ దీపాల కాంతిలో నీ ముఖం ఎంత బాగుందో!" అన్నాడు ఇంటి యజమాని వేషగాడు. కుర్చీ దేనికో కొట్టుకున్న చప్పుడైంది. "నేను ఇటున్నానండీ," అంది యజమాని భార్య ఇంకో మూల నుంచి.

"ఇదేంటయ్యా?" అని గుసగుసలాడాడు సెక్రటరీ.

"కార్డండీ."

అప్పుడే జేబులో ఫోను వణికింది. భార్య. "ఏమండీ, పెట్టెలో మెరుపులు మెరుస్తున్నాయి! ఒకసారి ఆరిపోతోంది, ఒకసారి ఎర్రగా వెలుగుతోంది. ఇదేనా మీరు తొమ్మిది రోజులు మేడెక్కి చూసింది?"

కార్డులు తారుమారయ్యాయని లైట్లాయనకి అర్థమైంది. నాటకంలో మొదటి రంగం తుఫాను.

"ఆపేయనా?"

"వద్దు! ఒక్కసారిగా ఆపితే ఇంకా భయపడుతుంది. డాక్టరు చెప్పాడుగా."

డిమ్మర్ మీద చెయ్యి వేస్తే క్షణంలో అంతా సర్దవచ్చు. వెయ్యకపోతే కార్డు ఓడిపోతుంది, అతని ఉద్యోగం నిలుస్తుంది. ఒళ్లో ఉన్న తన చేతుల్ని ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు. పొద్దున తప్పు కార్డు తీసింది ఈ చేతులే. పొరపాటున తీశాయా, అతనికి చెప్పకుండా వాటికవే ఏదైనా ఆలోచించుకున్నాయా? ఆ అనుమానం భరించలేక, "చెయ్యి వెయ్యమంటారా?" అని సెక్రటరీని అడిగాడు.

సెక్రటరీ వెనక్కి తిరిగి లాయరమ్మ వైపు చూశాడు. మనిషి అక్కర్లేదని ఆమెకి కాగితం మీద రాసి ఇచ్చాడు మరి. "వద్దు. కార్డే నడపాలి," అన్నాడు.

తెల్లవారడం మొదలైంది. ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియలేదు. చూస్తుండగానే వేదిక మీద నల్లగా ఉన్నవి బూడిదరంగు మనుషులయ్యాయి. నలభయ్యో నిమిషం దగ్గర యజమాని "ఎవరక్కడ?" అన్నాడు. అక్కడ దీపాలన్నీ ఆరిపోవాలి, కేక వినిపించాలి, వెలుగు వచ్చేసరికి శవం ఉండాలి. దీపాలు ఆరలేదు. "ఎవరక్కడ?" అన్నాడు మళ్లీ, పైకి చూస్తూ. చీకటి కోసం కాసేపు ఎదురుచూసిన వంటమనిషి వేషగాడు ఇంక ఆగలేక, అందరూ చూస్తుండగా మునివేళ్ల మీద నడిచి వెళ్లి యజమానిని పొడిచి, అలాగే మునివేళ్ల మీద వెనక్కి వెళ్లాడు. పక్కనే నిలబడ్డ భార్య, డాక్టరు, తోటమాలి వేషగాళ్లు ఏమీ కనబడనట్టు గాలిలో చేతులతో తడుముకున్నారు.

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

శవం లేచి వెళ్లడానికి కూడా చీకటే కావాలి. అది రాకపోయేసరికి యజమాని అక్కడే పడుకుని ఉండిపోయాడు. బల్ల మార్చాల్సి వస్తే ఇన్‌స్పెక్టరే దాన్ని ఎత్తుకుని, "ఇది కూడా సాక్ష్యమే," అంటూ బయటకి నడిచాడు. ఈగ వాలి శవం తుమ్మితే, "చనిపోయి ఎంతోసేపు కాలేదు," అని డాక్టరు నిర్ధారించాడు. ఇన్‌స్పెక్టరు తోటమాలిని గద్దిస్తుంటే, "ఆయన కాదండీ, ఆ వంటాయన!" అని వెనక వరస నుంచి ఒక ముసలాయన ఉండబట్టలేక అరిచాడు. వెలుగు బూడిద నుంచి రాగికి, రాగి నుంచి పసుపుకి పెరుగుతూనే ఉంది. వంటమనిషి తప్పించుకోవడానికి నీడ కోసం వెతుక్కుంటూ వేదికంతా తిరిగాడు. తొంభయ్యో నిమిషంలో, అంతా పట్టపగలులా తెల్లబడ్డ క్షణంలో, ఇన్‌స్పెక్టరు వేలు అతని వైపు తిరిగింది. హాలంతా లేచి నిలబడింది.

లాయరమ్మ కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. "హంతకుడెవరా అని చాలా నాటకాల్లో నిద్రపోయాను. ఇవాళ వాణ్ణి కళ్లారా చూసి, వీళ్లెప్పుడు చూస్తారా అని గంటసేపు ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. ఆ వెలుగు ఎవరి ఆలోచన?"

సెక్రటరీ ముఖం మళ్లీ వెలిగింది. "అంతా కార్డేనండీ! మనిషి చెయ్యి పడనే లేదు. చెప్పాను కదా, మనిషే అక్కర్లేదని!"

కార్డు ఓడిపోయి ఉంటే లైట్లాయన ఉద్యోగం నిలిచేది.

"గంటన్నర. ఇరవై సెకన్లు తేడా," అన్నారెవరో. మామగారు. చేతిలో జేబు గడియారం. "ఇది మా తాబేలు తెల్లవారడం."

"తాబేలా?" అంది లాయరమ్మ.

"తాబేలేనమ్మా. తొమ్మిది తెల్లవారుజాములు మేడ మీద చలిలో కూర్చుని రాశాడు. తలుపు వెనక నిలబడి రోజూ నేను గడియారంతో సరిచూశాను. ఎక్కడా తప్పు పట్టలేకపోయాను. ఆ సూర్యుడికి కార్డు ఎవరు రాశారో నాకు తెలీదు గానీ, దీనికి రాసింది మాత్రం మా అల్లుడు."

లాయరమ్మ లైట్లాయన వైపు తిరిగింది. "ఇలాగే సాయంత్రపు వెలుగు కూడా చేస్తారా?"

"చేస్తానండీ. కొన్ని సాయంత్రాలు కావాలి."

"ఎన్ని కావాలంటే అన్ని తీసుకోండి. ఈయన్ని వదులుకోకండి," అని సెక్రటరీకి చెప్పి వెళ్లింది. సెక్రటరీ కుర్చీలో కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

ఇంటి దారిలో మామగారు రెండు వీధుల దాకా గడియారం చూసుకుంటూ నడిచారు. మూడో వీధిలో, కూతురూ లేదు, గోడా లేదు.

"ఏమయ్యా, కార్డు కావాలనే మార్చావా?"

పన్నెండేళ్లలో మొదటిసారి. లైట్లాయన నిజమే చెబుదామనుకున్నాడు, కానీ నిజం అతనికే తెలియదు. "మీరు దగ్గారు మామయ్యగారూ. చెయ్యి తడబడింది."

"అయితే ఇందులో సగం నాది," అన్నారాయన తృప్తిగా.

భార్య ఖాళీ పళ్లెం పట్టుకుని గుమ్మంలోనే ఎదురైంది. "తినేసింది! మెరుపు మెరిసినప్పుడల్లా తల బయటికి పెట్టింది. సరిగ్గా పదకొండూ పదికి మొత్తం చీకటైపోయి మళ్లీ వెలుగు వచ్చిందా, లేచి నడుచుకుంటూ వెళ్లి పళ్లెం మొత్తం ఊడ్చేసింది!"

ఫోనులో పశువుల డాక్టరు ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "మెరుపులు చూసి వాన వస్తుందనుకుని ఉంటుంది. అందుకే చెప్పాను, వెలుగే ముఖ్యమని."

లైట్లాయన నోటుపుస్తకం తీసి, తొమ్మిది తెల్లవారుజాములూ ఒకసారి తిరగేసి, మూసేశాడు. మామగారు అతని భుజం తట్టారు. "బాధపడకు. దాని అభిరుచే అంత."

అప్పటినుంచి నాటకశాలలో నెమ్మదిగా తెల్లవారుతోంది. ఆ ఇంట్లో మాత్రం రోజూ పదకొండూ పదికి హత్య జరిగాకే భోజనం.