పురుషుడు అనే ఒక్క గడి

కాపిజ్ తీరంలోని తలాబహాన్ పేటలో ఆడవాళ్లకు లుబాగ్ జబ్బు రాదని ఎపిఫానియో సల్వఫెర్రా గారు మైకులో ప్రకటించారు. పేటపెద్దని అక్కడ కాప్ అంటారు. పేటకు ఆయనే కాపు గనుక పేరు సరిపోయింది. ఒళ్లు మెలితిప్పే ఈ జబ్బు తరతరాలుగా మగవాళ్లనే పడుతోందని, కాబట్టి ఉచిత మందులు ఎప్పటిలాగే మగవాళ్లకేనని సెలవిచ్చారు. జబ్బుకు కూడా ఇంత క్రమశిక్షణ నేర్పిన ప్రభుత్వం మరొకటి లేదు.

వింటున్న నేనింగ్ మెడ ఎడమకు తిరిగిపోయింది. ఆరు నెలలుగా అంతే. గుల్లలు ఒలిచే కత్తి చేతిలో నిలవడం లేదు. కత్తి ఆడకపోతే డొక్క ఆడదు. తమ్ముడు తియోదులోని తీసుకుపోయిన జబ్బే గనుక దాని పేరు ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు.

మర్నాడే కాప్ ఆఫీసుకు వెళ్లింది.

"అటు చూస్తావేం అక్కా? నేనిటున్నాను."

"నేను చూడట్లేదు కాప్, అదే లాగుతోంది. లుబాగ్."

"ఆడవాళ్లు దాన్ని మోసి కొడుకులకిస్తారంతే. జబ్బు పడరు. సర్క్యులర్‌లో ఉంది."

"మోసేదీ మేమే, పడేదీ మేమే. ఆ సర్క్యులర్‌ని వచ్చి నా మెడ చూసుకోమను."

కాప్ సానుభూతితో ఫారం అటూ ఇటూ తిప్పారు. ఉన్నది 'పురుషుడు' అనే గడి ఒక్కటే. మెడ తిరిగింది గాని రూలు తిరగలేదు.

గుమ్మం బయట నర్సు గ్లోరినా ఆమెను పక్కకు లాగింది.

"తమ్ముడి మందుల కార్డు దాచావా?"

"వాడు పోయి మూడేళ్లయిందే."

"మనిషి పోయాడు, కార్డు బతికే ఉంది. రేపట్నుంచి నువ్వు తియోదులోవి."

"మరి మీసాలో?"

"వాటికి గడి లేదులే."

రెండు నెలల్లో నేనింగ్ చేతిలో కత్తి నిలిచింది. కాగితాల మీద తియోదులో దినదినాభివృద్ధి చెందాడు. చచ్చినవాణ్ణి సైతం కోలుకునేలా చేసిన పథకమాయె, కోలుకున్నవాళ్ల సన్మానానికి గవర్నరు గారే విచ్చేశారు. రానివాళ్ల కార్డు రద్దన్నారు.

"పురుషరత్నం తియోదులో అర్గానోసా," అని పిలిచారు కాప్.

పూలగౌనులో నేనింగ్ వేదికెక్కింది. గవర్నరు పతకం పట్టుకుని ఆగిపోయారు.

"వాడి అక్కనండీ," అంది మైకులో, పేటంతా వినేలా. "వాడు పోయాడు. ఫారంలో ఆడదానికి గడి లేదు. మందు మాత్రం ఆడదానికీ పనిచేస్తోంది. దయచేసి ఆపకండి."

"ఒక్క పొరపాటు సార్. ఒకే ఒక్కటి. ఈమెకు ఇవాళ్టి నుంచే మందు ఆపేస్తాం," అని కాప్ రెండో పేరు చదివారు.

"పురుషరత్నం రొగాసియానో."

ఓ ముసలమ్మ లేచి నిలబడింది.

మూడో పేరు దగ్గర కాప్‌కి దగ్గొచ్చింది. గవర్నరు కాగితం లాక్కుని తనే చదివారు.

"మాక్సిమియానో సల్వఫెర్రా."

ముందు వరసలోంచి కాప్ తల్లి కర్ర ఊతగా లేచింది.

"ఎపీ, నేనింగ్ మందు ఆపితే మీ నాన్నదీ ఆపాలిరా," అంది.