సెకండ్లకు తరుగు

వరంగల్ నగర ప్రజలకు తెలియజేయునది ఏమనగా, పరుగు పందాల పిల్లలకు ఏ పొడి తాగిస్తే దమ్ము పెరుగుతుందో, ఏది తాగిస్తే అలసట తొందరగా తీరుతుందో తేల్చే మహా పరిశోధన ధాన్యం మార్కెట్ వెనుక ఓంప్రకాశ్ సేటు గోదాములో విజయవంతంగా ముగిసింది. పరిశోధనకు జాగా కోసం మక్కల బస్తాలు ఒక పక్కకు జరిపారు. జరిపింది హమాలీ మొండయ్య. శాస్త్రానికి మొదటి సేవ అతనిదే. నివేదికలో ఆ ముచ్చట లేదు.

ఈ పరిశోధన సంఘానికి అధ్యక్షుడు సేటు. 'దమ్ పౌడర్' డబ్బాలకు జిల్లా మొత్తానికి ఏజెంటు కూడా ఆయనే కాబట్టి, ఆ పొడి మంచిచెడ్డలు ఆయనకన్నా నిష్పక్షపాతంగా చెప్పగలవారు దొరకలేదు. నిపుణుడిగా జిల్లా పరుగు సంఘం పెద్ద కిషన్ రావు సారు కుర్చీ అలంకరించారు. కాజీపేటలో కదిలిన రైలు వెంట ఒకసారి ఉరికిన అనుభవం ఆయనకు ఉంది. రైలు అందలేదు.

మొండయ్యకు ఈ పొడులతో పని లేదు. అతని బిడ్డ సౌమ్యకు ఉంది. పదో తరగతి పిల్ల, ఉత్త కాళ్లతో ఎనిమిది వందల మీటర్లు ఉరుకుతుంది. హైదరాబాద్ శిబిరానికి జిల్లా నుంచి ఒక్క ఆడపిల్లనే పంపుతారు. అక్కడ తిండి, చదువు, కోచ్ అన్నీ సర్కారువే. నెల దినాల పరిశోధన తర్వాత ఎవరు తక్కువ సమయంలో ఉరికితే వాళ్లే పోతారని సారు ప్రకటించారు.

"నాయినా, నేను పోతనే," అంది సౌమ్య.

"పో బిడ్డా. ఉరుకుడే గదా," అన్నాడు మొండయ్య. అతనికి అంతకన్నా ఎక్కువ మాటలు రావు.

పిల్లలను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు దమ్ పౌడర్, ఇంకో జట్టుకు వేయించిన మక్క పిండి. ఎవరికి ఏది ఇస్తున్నారో ఎవరికీ తెలియకూడదన్నది శాస్త్రం. అందుకని డబ్బాలన్నీ ఒక్క తీరువే తెప్పించారు. అయితే కొత్త సరుకుకు పూజ చెయ్యకుండా మూత తీసే అలవాటు సేటు ఇంట్లో తాతల నుంచీ లేదు. అసలు డబ్బాలకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. మక్క పిండికి బొట్టెందుకని వదిలేశారు. ఆ విధంగా రహస్యం పూర్తిగా కాపాడబడింది. బొట్టున్న డబ్బాలు సేటు బిడ్డ అనూష జట్టుకు వచ్చాయి. బొట్టు లేనిది సౌమ్యకు వచ్చింది.

ప్రారంభ సభలో కిషన్ రావు సారు గంటసేపు ప్రసంగించారు. "కండరానికి కష్టం ఉన్నది. కష్టానికి రికవరీ ఉన్నది. రికవరీ లేని జాతికి భవిష్యత్తు లేదు!" చప్పట్లు మోగాయి. వెనుక నిలబడ్డ మొండయ్య ఆ రోజు రెండు వందల బస్తాలు దించి ఉన్నాడు.

"సారూ, పొద్దుగాల లేస్తే నడుము లేస్తలేదు. మాకేమన్న ఉన్నదా గా రికవరీ?"

సారు జాలిగా చూశారు. "నీది పని మొండయ్యా, ఆట గాదు. పనికి రికవరీ ఉండదు."

నెల గడిచింది. మక్క పిండి పాలల్లో కలుపుకొని తాగిన సౌమ్య కాళ్లకు బలం పట్టింది. దమ్ పౌడర్ తాగిన అనూష వారంలో నాలుగు రోజులు కడుపు పట్టుకొని దవాఖానకు పోయి వచ్చింది. దీన్ని నివేదికలో 'లోపలి శుద్ధి' అని రాశారు.

ఆఖరి పరుగు నాడు సౌమ్య రెండు నిమిషాల ఇరవై నాలుగు సెకండ్లలో గీత దాటింది. అనూష రెండు నిమిషాల నలభై ఏడులో వచ్చింది. మొండయ్య తలకు చుట్టిన తువ్వాల విప్పి మొహం తుడుచుకున్నాడు. చెమట కాదది.

అప్పుడు సేటు లెక్క మొదలుపెట్టాడు. వడ్ల తేమ చూసే మిషను తెప్పించి అనూష చొక్కా అంచుకు ఆనించారు. మార్కెట్ హద్దు పదిహేడు శాతం దాటింది. తేమ తరుగు పది సెకండ్లు. బూట్లకు అంటిన మన్నుకు ఐదు. ఎదురుగాలికి పది. అన్నీ పోను అనూష సమయం రెండు నిమిషాల ఇరవై రెండు.

"సేటూ, మా పిల్ల ముందుగాల్ల వచ్చింది గదా," అన్నాడు మొండయ్య.

"ఫికర్ చెయ్యకు మొండన్నా. కాళ్లతోని ముందు వచ్చుడు వేరు, లెక్కల ముందు వచ్చుడు వేరు. ఇరవై ఏండ్ల సంది మార్కెట్ల ఉన్నవ్, తరుగు ఎరుక లేదా?"

"మరి మా పిల్లకు తరుగు?"

సంఘం న్యాయంగా ఆలోచించింది. సౌమ్యకు బూట్లు లేవు కాబట్టి మన్ను తరుగు వర్తించదు. హమాలీ బిడ్డకు చెమట అలవాటే కాబట్టి తేమ లెక్కలోకి రాదు. సన్నగా ఉంటుంది కాబట్టి గాలి పక్క నుంచే పోయి ఉంటుంది.

 తరుగు మొండయ్యకు ఎరుకే. రైతు కాంటా పెట్టిన ప్రతిసారీ తేమకు ఇంత, మన్నుకు ఇంత అని తూకం కోయడం చూశాడు. సేటు సొంత సరుకు మీద తరుగు తీసుకోవడం మాత్రం ఇరవై ఏండ్లలో ఇదే మొదలు.

అనూష కారులో హైదరాబాద్ పోయింది. మూడో రోజు కడుపు పట్టుకొని తిరిగొచ్చింది. శిబిరంలో ఆ జాగా ఖాళీగానే ఉంది. నివేదిక సంతకాలయ్యాక మార్చరాదన్నారు సారు.

సౌమ్యకు అన్యాయం జరిగిందని ఎవరూ అనుకోకూడదు. గీత దాటుతున్న ఆమె ఫోటోనే దమ్ పౌడర్ కొత్త డబ్బా మీద అచ్చు వేశారు. ఉత్త కాళ్లు బాగుండవని కంప్యూటర్లో ఎర్ర బూట్లు తొడిగారు. ఆ పిల్లకు బూట్లు దొరకడం అదే మొదలు.

ఆ డబ్బాల పెట్టెలు లారీకి ఎత్తింది మొండయ్యే. సద్ది తెచ్చిన సౌమ్య పెట్టె మీది తన బొమ్మను కాసేపు చూసింది.

"నాయినా, నన్ను ఏడికి పంపుతాండ్రు?"

"హైదరాబాదే బిడ్డా," అని మొండయ్య ఇంకో పెట్టె వీపు మీదికి ఎత్తుకున్నాడు.

ఆ డబ్బా ఈపాటికి మీ ఇంటికీ వచ్చే ఉంటుంది. పొద్దున్నే పాలల్లో రెండు చెంచాలు కలిపి ఇస్తూ, "గీ అక్క లెక్క ఉరకాలె" అని మీ పిల్లలకు చెప్పడం మరువకండి. ఆ అక్క ఇప్పుడెక్కడుందని వాళ్లు అడుగుతారేమో అని భయపడకండి. మీ పిల్లలు కదా, అడగరు.