మోటార్ సైకిల్ యోగనిద్రా మహిమ

శేషతల్పం మీద నాలుగు నెలలు యోగనిద్రలో గడిపి, కార్తిక శుద్ధ ఏకాదశినాడు కనులు తెరిచే శ్రీమన్నారాయణునికి మొదట నమస్కారం. స్వామి మేల్కొనే ఆ రోజులలోనే కెనడాలోని మా సస్కాచెవాన్‌లో మోటార్ సైకిళ్లు నిద్రకు ఉపక్రమిస్తాయి. లోకంలో ఎవరో ఒకరు ఎల్లప్పుడూ నిద్రిస్తూ ఉండాలన్నది సృష్టిక్రమం కాబోలు.

పాఠకులారా, మోటార్ సైకిల్ ఎక్కి తిరగడానికి ఉన్నదనుకోవడం అజ్ఞానం. అది దాచుకోవడానికి ఉన్నది. ఉత్సవమూర్తి మీద కూర్చుని కూరగాయలకు వెళతామా? మరి వెండిలా మెరిసే చక్రాలకు బురద అంటించడం ఏ శాస్త్రం?

మా పట్టణంలో ఈ జ్ఞానం కలవారికి కొదువ లేదు. ఒకాయన తన బండిని పడకగదిలో నిలిపి, తాను సోఫాకు మారాడు. ఇంకొకాయన గ్యారేజీలో బండికి హీటరు పెట్టి, భార్య కారును ఆరుబయట మంచుకు వదిలాడు. ఆ ఇల్లాలు రోజూ ఉదయం అట్లకాడతో అద్దం మీది మంచు గీకుతూ భర్త భక్తిని తలచుకుంటుంది. ఏమని తలచుకుంటుందో రాయడానికి ఈ పత్రిక ఒప్పుకోదు.

వీరందరిలో అగ్రగణ్యుడు ఓరెస్ట్ హవ్రిలుక్. ధాన్యపు గోదాములో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. తన నల్లని పాత బైకును ఆయన నిద్రపుచ్చే విధానం చూస్తే కళ్లు చెమర్చవలసిందే.

మొదట టాంకులోకి చెమ్మ చేరకుండా గొంతు దాకా పెట్రోలు, అందులో అది పాడవకుండా చలికాలపు మందు. పాత ఆయిల్ తీసి కొత్తది పోయడం. ఆపైన ప్లగ్గులు విప్పి ఇంజను లోపలికి నూనె చిమ్మడం, అది అభ్యంగనం. చక్రాలు నేలను తాకకుండా స్టాండు ఎక్కించడం. ఎలుకలు కాపురం పెట్టకుండా సైలెన్సర్ గొట్టాల నోట స్టీలు పీచు కుక్కడం. చివరికి దార్కాకు పెళ్లినాడు తల్లి ఇచ్చిన ఉన్ని దుప్పటి కప్పడం. దార్కా ఆయన భార్య.

బ్యాటరీ మాత్రం ఇంట్లోకి వచ్చి, దేవమాత పటం కింది అరలో చార్జరుకు తగులుకుని, చిన్న పచ్చదీపంతో వెలుగుతూ ఉంటుంది.

"దీనికి కూడా కొవ్వొత్తి వెలిగించమంటావా?" అని దార్కా అడిగింది.

"వద్దు. వేడి తగలకూడదు" అన్నాడాయన, శ్రద్ధగా.

ఆ యేడు మంచు పడుతుందని రేడియోలో విని ఓరెస్ట్ శుక్రవారమే ఈ క్రతువంతా ముగించాడు. ఆదివారం వచ్చింది, మంచు రాలేదు. ఎండ వచ్చింది.

మావాళ్లకొక ఆచారం ఉన్నది. కోతలు ముగిశాక వచ్చే చివరి వెచ్చని ఆదివారం, చర్చి నుంచి రాగానే బళ్లన్నీ వరుసగా సరస్సు దాకా వెళ్లి వస్తాయి. ఆ తరువాత చలికాలం. వేసవి అంతా బండి మీద తిప్పమని దార్కా అడుగుతూనే ఉన్నది. కంకరరోడ్డు అని ఒకసారి, పురుగులు దీపానికి అంటుకుంటాయని ఒకసారి, ఇప్పుడే తుడిచానని ఒకసారి ఓరెస్ట్ చెబుతూనే ఉన్నాడు. చివరి ఆదివారం తప్పక తీసుకువెళతానన్నాడు.

దార్కా ఉన్నికోటు తొడుక్కుని, హెల్మెట్ చేత పట్టుకుని గ్యారేజీలోకి వచ్చింది.

"ఏమయ్యా, ఎండ చూశావా?"

"చూశాను."

"జనవరిలో నా మోకాలు కోస్తారు. ఆ తర్వాత అంత ఎత్తుకి కాలు వెయ్యడం మరిచిపొమ్మన్నాడు డాక్టరు. నువ్వూ పక్కనే ఉన్నావు."

"నిద్రపుచ్చేశాను దార్కా. మళ్లీ లేపితే చేసిందంతా వృథా. వచ్చే వేసవిలో..."

"వచ్చే వేసవికి నీ బండి కొత్తదానిలాగే ఉంటుందిలే. నా మోకాలే ఉండదు." ఆమె దుప్పటి అంచు సవరించింది. "పెళ్లికి ముందు ఆ సరస్సు దగ్గరికే కదా ఎక్కించుకెళ్లావు. అప్పుడు దీనికి దుప్పటి లేదు."

హెల్మెట్‌ను దుప్పటి మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. తలుపు కూడా మెల్లగానే వేసింది.

ఓరెస్ట్ చలించలేదు. చలించకూడదు కూడా. మోకాళ్లు మార్చవచ్చు, ఆ కాలపు బండికి విడిభాగాలు దొరుకుతాయా?

ఇంతలో వీధిలో డబడబలాడుతూ జెనోన్ వచ్చాడు. ఓరెస్ట్ కూతురికి బాప్తిస్మంనాడు జ్ఞానపితగా నిలిచినవాడు గనుక వారిద్దరూ ఒకరినొకరు "కూమే" అని పిలుచుకుంటారు. జెనోన్ బండికి తీగతో కట్టిన సైలెన్సర్, తుప్పు, పక్షిరెట్ట తప్ప వేరే అలంకారం లేదు.

"రావా కూమే? ఓహో, పెళ్లికూతుర్ని పడుకోబెట్టేశావా?"

"మంచు పడుతుందన్నారు."

"పడుతుంది, ఎక్కడికి పోతుంది? మార్చి దాకా అదే పని దానికి. పోనీ, దార్కాని నేను తీసుకెళ్లనా? వెనక సీటు చిరిగింది గానీ, గోతం వేస్తాలే."

ఇక్కడ, పాఠకులారా, ఒక మహాభక్తుని పతనం ప్రారంభమైంది.

ఓరెస్ట్ దుప్పటి లాగేశాడు. దేవమాత కింది నుంచి బ్యాటరీ తెచ్చి బిగించాడు. బండిని స్టాండు దింపి బయటికి తోసి మీట నొక్కాడు. ఇంజను మూలిగింది. మళ్లీ నొక్కాడు. గొంతు నొక్కినట్టు మళ్లీ మూలిగి ఊరుకున్నది.

"మందు ఎక్కువ తాగించి ఉంటావు" అన్నాడు జెనోన్.

గుమ్మంలో దార్కా నిలబడి ఉన్నది. "అన్నట్టు, నా గిన్నెలు తోమే స్టీలు పీచు చూశావా? రెండు రోజులుగా వెతుకుతున్నాను."

 ఓరెస్ట్ వంగి, గొట్టాల నోటి నుంచి పీచు పీకి ఆమె చేతికిచ్చాడు. ఈసారి ఇంజను ఒక్కసారిగా గర్జించింది. లోపల చిమ్మిన నూనెంతా కాలి తెల్లని పొగగా లేచి వీధిని కప్పివేసింది. మంటలార్పే సిలిండరు కోసం పరుగెత్తిన జెనోన్ తిరిగి వచ్చేసరికి పొగ ఉన్నది గాని వారిద్దరూ లేరు.

తరువాతి దుస్థితిని ఎలా వర్ణించను? నంబరు ప్లేటు దాకా బురద. దార్కా బూటు కొక్కెం తగిలి టాంకు పక్కన పొడవాటి గీత. తిరిగి వచ్చేటప్పటికి మంచు మొదలైంది. ఓరెస్ట్ ఆ బురదతోనే బండిని లోపలికి తోసి తలుపు మూశాడు. ఆయన దాన్ని తుడవలేదు. దుప్పటి కూడా కప్పలేదు. జనవరి నుంచి అది దార్కా మోకాళ్ల మీద ఉన్నది.

వసంతంలో ఓరెస్ట్ బురద కడిగాడు. ఆ గీతకు మాత్రం రంగు వేయలేదు. ఎవరైనా అడిగితే, ఆ రంగు దొరకడం లేదంటాడు. దొరుకుతుంది. నేను విచారించాను.

ఈ వ్యాసం చదివినవారి, విన్నవారి బండ్లకు బురద అంటుగాక. వాటి వెనుక సీట్లు ఖాళీగా నిద్రించకుండుగాక. దాచుకున్న దుప్పటి కప్పవలసినవారికే కప్పబడుగాక. సర్వేషాం శుభమస్తు.